తొమ్మిది రోజుల తనిఖీ

అతను ఒక ఫ్యాక్టరీలో భద్రతాధికారి. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం నిండా గడులు. నిప్పు ఆర్పే సిలిండరు ఉందా, టిక్కు. మెట్ల దగ్గర దీపం వెలుగుతోందా, టిక్కు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. గడి ఖాళీగా కనబడితే అతనికి అన్నం సయించదు. ఇలాంటి మనిషి చేతికి కంప్యూటరు ఇవ్వకూడదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా వినే రకం కాదనుకోండి, అది వేరే సంగతి.

ఇంట్లోని కంప్యూటరు పన్నెండేళ్ళ పాతది. తొమ్మిది రోజుల కిందట పొద్దున్నే మీట నొక్కితే తెర నల్లగా వచ్చి, నాలుగు మూలలా ‘సేఫ్ మోడ్’ అని రాసుకుని కూర్చుంది. అంటే ఏదో ముప్పు వచ్చినట్టు, మరీ అవసరమైన పనులు తప్ప ఇంకేమీ చేయనని భీష్మించడం. అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. శబ్దం పూర్తిగా పోయింది. ఎన్నిసార్లు ఆపి మళ్ళీ వేసినా అదే వరస.

భార్యకి కావలసింది ఆ శబ్దమే. చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గ్రంథాలయం ఒకటి కొత్త గొంతుల కోసం వెతుకుతోంది. మైకు కూడా వాళ్ళే పంపారు. దాన్ని కంప్యూటరుకి తగిలించి పది పేజీలు చదివి పంపాలి, ఫోనులో చేసింది తీసుకోరు. పిల్లలు లేస్తారని కొన్నేళ్ళు, మామగారి నిద్ర చెడుతుందని కొన్నేళ్ళు గుసగుసల్లోనే బతికిన మనిషి ఆమె. ఇన్నాళ్ళకి గొంతు విప్పమని ఎవరో అడిగారు. గడువు ఆదివారం సాయంత్రం ఐదు గంటలకి.

“మెకానిక్కుని పిలుద్దామండీ,” అంది మొదటి రోజే.

“నేను ఇంట్లో ఉండగా మెకానిక్కా?” అన్నాడు, వాళ్ళ ఫ్యాక్టరీ మొత్తాన్ని తనే మోస్తున్నట్టు.

దోషిని కూడా మొదటి రోజే తేల్చేశాడు. ముందురోజు సాయంత్రం బావమరిది వచ్చి ఆ కంప్యూటరులో ఓ గంట పేకాట ఆడి వెళ్ళాడు. ఇంకేం కావాలి? ఫోన్ చేసి చెడామడా కడిగేశాడు. “తగుదునమ్మా అని అన్నింట్లోనూ వేలు పెడతావెందుకు?” అని అరిచాడు. “సరే బావగారూ, ఇంకెప్పుడూ ముట్టుకోను,” అన్నాడు బావమరిది. కంప్యూటరు పాడుచేశాడన్న కోపంతో భార్య తమ్ముడితో మాట్లాడటమే మానేసింది.

ఇక మన అధికారి నలభై రెండు గడులతో ఒక పట్టిక రాసుకుని తనిఖీకి దిగాడు. పెట్టె విప్పి దుమ్ము ఊదితే అదంతా ముఖానే పడింది. మెమరీ ముక్కని రబ్బరుతో రుద్దాడు. వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు, ఫ్యానుకి నూనె వేశాడు. ఆఫీసు నుంచి రావడం, స్క్రూడ్రైవరు పట్టుకోవడం, తుమ్మడం. ఎనిమిదో రోజుకి గడులన్నీ నిండాయి, నాలుగు స్క్రూలు మిగిలాయి, కంప్యూటరు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ‘దీన్ని నేనేమైనా చేశానా?’ అన్న గడి ఆ పట్టికలో లేదు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి భార్య మైకు తీగ చుట్టి డబ్బాలో పెట్టేస్తోంది.

“పోనీలెండి. నాకు రాసిపెట్టి లేదు,” అంది. విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. తిట్టినా అతను తట్టుకునేవాడే. అలా మెల్లగా అనేసరికి చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. పరువుని చెప్పుల పక్కన వదిలి, వీధి చివర కంప్యూటర్ల షాపు ఆవిడని స్వయంగా వెళ్ళి పిలుచుకొచ్చాడు.

ఆవిడ పెట్టె విప్పనే లేదు. ఏవో నాలుగు అక్షరాలు కొట్టి సెట్టింగుల పేజీ ఒకటి తెరిచింది.

“ఇదిగో, ఇక్కడ టిక్కు పెట్టేశారు. ఇది ఉన్నంతకాలం సేఫ్ మోడ్ తప్ప ఇంకోటి రాదు. ఎవరు పెట్టారండీ?”

ఆ పేజీ చూడగానే అతనికి చెమట పట్టింది. బావమరిది వచ్చిన సాయంత్రం, పాత కంప్యూటరుని పరుగెత్తించే కిటుకు చూపిస్తానని గొప్పలు పోయి ఆ పేజీ తెరిచింది తనే. అక్కడొక గడి ఖాళీగా కనిపించింది. చెయ్యి ఆగలేదు.

“మా తమ్ముడేనా?” అంది భార్య పళ్ళు బిగించి.

ఒక్క ‘ఊఁ’ అంటే చాలు, గండం గడిచిపోతుంది. అతను డబ్బాలోని మైకు వైపు చూశాడు.

“కాదు. నేనే,” అన్నాడు.

షాపు ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కీబోర్డు తుడవడం మొదలుపెట్టింది. టిక్కు తీసేసి, కంప్యూటరుని ఆపి మళ్ళీ వేసింది. అది గణగణమని మోగుతూ నిద్ర లేచింది. భార్య అతన్నొకసారి ఆపాదమస్తకం చూసింది.

“బయటికి నడవండి. వెళ్ళి ముందు వాడికి ఫోన్ చేయండి,” అని, షాపు ఆవిడ వెళ్ళగానే తలుపు వేసుకుంది.

వరండాలో నిలబడి చేశాడు. “ఒరేయ్, ఆ కంప్యూటరు... తప్పు నాదేరా,” అన్నాడు.

“తెలుసు బావగారూ.”

“ఏం తెలుసు?”

“మీరు టిక్కు పెడుతుంటే పక్కనే ఉన్నానుగా. ఫోన్లో తిడుతుంటేనే అర్థమైంది.”

“మరి చెప్పవేం?”

“ఒకటి రెండు రోజుల్లో మీరే పట్టుకుంటారనుకున్నాను. బాగుచేస్తే అక్క దగ్గర మీకు కాస్త గొప్పగా ఉంటుంది కదా అని. అక్కకి గడువుందని తెలిస్తే ఆగేవాణ్ణి కాదు. తను ఫోన్ ఎత్తట్లేదు, అదొక్కటే కష్టంగా ఉంది.”

 తను తిట్టిన మనిషే తొమ్మిది రోజులు తన పరువుకి కాపలా కాశాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అంతలో లోపల చదవడం మొదలైంది. జంకూ గొంకూ లేని గొంతు, మూసిన తలుపు దాటి వరండా అంతా నిండింది. పాతికేళ్ళ కాపురంలో ఈ గొంతు అతనెప్పుడూ వినలేదు.

“ఒక్క నిమిషం. మీ అక్క చదువుతోంది, విను,” అని గుసగుసగా చెప్పి, ఫోను తలుపుకి ఆనించి పట్టుకున్నాడు. చెయ్యి లాగుతున్నా దించలేదు.