నర్మద చెయ్యి

నారాయణఖేడ్‌లోని ఆ గల్లీలో ఎవరి కోడి పొదుగుకు వచ్చినా మొదటి కబురు లక్ష్మవ్వకే. గుడ్లు పొదగేయడానికి ఆమె చెయ్యి మంచిదని పేరు. బేసి లెక్కన గుడ్లు ఏరేది. ఒక్కోదాని మీద బొగ్గుతో గీత గీసేది. ఉరుములకు చెడిపోకుండా గంపలో తన ఇనుప మేకు పెట్టి, పిల్లలు లేచాక ఎవరింట్లో ఉన్నా అడిగి మరీ తెచ్చుకునేది. ఒకటీ అరా గుడ్డు మురిగిపోతే అది కోడి తప్పే గాని లక్ష్మవ్వ తప్పు కాదు.

అట్లాంటి లక్ష్మవ్వ, బిడ్డ కాన్పని పక్క మండలం మనూరు పోయిన వారంలోనే ఇంట్లో నల్లపెట్ట పొదుగుకు కూర్చుంది. కోడలు నర్మద ఫోన్ చేసింది.

"నేనొచ్చిందాక ముట్టకు. నెల ఆగితే ఏం పోతది?" అంది అత్త.

ఆగాల్సింది కోడి కదా. అది మేత మానేసింది, దగ్గరికి పోతే పొడిచింది, ఉత్త గంపలోనే రెక్కలు పరుచుకుని కూర్చుంది. మూడు రోజులు చూసి, నాలుగో రోజు నర్మదే తొమ్మిది గుడ్లు వేసింది. బొగ్గు గీత మరవలేదు. మేకు మాత్రం అత్త సంచిలో పోయింది కాబట్టి పాత తలుపుకున్నది ఒకటి పీకి పెట్టింది. పుట్టింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. చూసింది చూసినట్టు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఎవరూ చెప్పని చోటే తప్పు చేసింది.

ఇరవై ఒకటో రోజు తొమ్మిదికి తొమ్మిదీ లేచాయి. ఆ సంబరంలో కొత్త స్టీలు గిన్నె తళతళా తోమి, నిండా నీళ్లు పోసి గంప పక్కన పెట్టింది. అసలే జనవరి చలి. రొట్టెలు చేసి వచ్చేసరికి నాలుగు పిల్లలు గిన్నెలో పడి ఉన్నాయి. ఒకటి అప్పటికే పోయింది. మూడు తడిసిన దూది ఉండల్లా, మెడలు వాల్చేసి ఉన్నాయి.

నర్మద ఏడవలేదు. ఏడ్వడానికి తీరిక లేదు. పాత చీర ముక్కతో ఒత్తి తుడిచింది. అట్టపెట్టెలో గోనెసంచి పరిచి పైన బల్బు వేలాడదీసింది. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టింది. బెల్లం నీళ్లు వేలి కొసతో ముక్కు అంచుకు తాకించింది, గంటకొకసారి, ఒక్కో చుక్క.

మర్నాడు లక్ష్మవ్వ వచ్చింది. సంచి దించకముందే అట్టపెట్టెలోకి తొంగిచూసింది. పక్కింటి రబియా బీ పలకరిద్దామని వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"ముట్టకంటె ముట్టినవ్. నీ చెయ్యి పడ్డంక గివి బతుకుతయా?"

"చెయ్యి కాదత్తా, గిన్నె. లోతు గిన్నె పెట్టిన. తప్పు నాదే."

"మరి గిన్నె పెట్టింది ఏ చెయ్యి?"

రబియా బీ చప్పుడు చేయకుండా వెనక్కి మళ్లింది. ఆ మాట సాయంత్రానికి గల్లీ అంతా తిరుగుతుందని నర్మదకు తెలుసు. చెయ్యి మంచిది కాదన్న పేరు ఒక్కసారి పడిందంటే, పచ్చడి కలపడానికి పిలవరు, విత్తనం ముట్టనీయరు. ఆ పేరు పోవాలంటే మాటలతో పోదు. ఈ మూడూ బతకాలి.

రెండో రోజు ఒకదానికి వెనక రెట్ట గడ్డకట్టి మూసుకుపోయింది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి, ఈక పీకకుండా నానబెట్టి నానబెట్టి తీసింది. ఇంకోదానికి కాళ్లు రెండూ చెరో పక్కకు జారిపోతున్నాయి. జాకెట్ అంచు చింపి, రెండు కాళ్లకూ నడుమ వేలెడు సందు ఉంచి కట్టింది.

"గదేంది, కోడిపిల్లకు పట్టీలా? పెళ్లి చేస్తున్నవా?" అన్నాడు మొగుడు దశరథ్, ఆటో తాళం వేలికి తిప్పుతూ.

"ముందు నిలబడనియ్యి, తర్వాత చేస్త."

నాలుగో రోజు అది నిలబడింది. నర్మద మూడింటినీ తీసుకుపోయి మెల్లగా తల్లి ముందు వదిలింది. నల్లపెట్ట తల వంచి ఒంటికన్నుతో చూసింది. పొడుస్తుందేమోనని నర్మద చెయ్యి అడ్డం పెట్టబోయింది. పెట్ట గొంతులో ఏదో గొణిగి రెక్క ఎత్తింది. మూడూ లోపలికి దూరాయి.

ఇప్పుడు నీళ్లు మట్టి మూకుడులో పెట్టేది, నడుమ గులకరాళ్లు పేర్చి. మేతకు జొన్నలు నూక పట్టేది. ఒకనాడు చూస్తే మూకుడు పక్కన తాను పట్టినదానికన్నా మెత్తని నూక ఉంది.

"ఎవరేసిన్రత్తా?"

"నాకేం ఎరుక? కోడే దంచుకున్నదేమో" అంది లక్ష్మవ్వ, కొంగుకంటిన పిండి దులుపుకుంటూ.

ఏడో వారానికి నూగు రాలిపోయి రెక్కల నిండా ఈకలొచ్చాయి. నల్లపెట్ట పిల్లల్ని పొడిచి తరమడం మొదలుపెట్టింది. ఇగ మీ బతుకు మీరు బతకండని తల్లి చెప్పే తీరు అది. దశరథ్ పాత తలుపు చెక్కలతో, ఇనుప జాలీతో గూడు కట్టాడు. లక్ష్మవ్వ వచ్చి మూలమూలకూ పిడికిలి పెట్టి చూసింది.

"గీడ నా పిడికిలి పడుతది. నా పిడికిలి పడితే పిల్లి తలకాయ పడుతది. కొట్టు మేకు."

అతను కొట్టాడు. మూడు సాయంత్రాలు నర్మద పిల్లల్ని ఒక్కోటిగా పట్టి గూట్లో కర్ర మీద కూర్చోబెట్టింది. నాలుగో సాయంత్రం పట్టలేదు. దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. పొద్దు వాలింది. ఒకటి ఎక్కింది. వెనకే రెండు. ఏడు ఎక్కాక ఒకటి కిందే మిగిలింది, పట్టీ కట్టిన పిల్ల. నిచ్చెన చెక్క చూసింది, మెడ సాచింది, ఎగిరి ఎక్కింది. లోపల ముందే కూర్చున్న రెండింటిని నెట్టి నడుమ చోటు చేసుకుంది.

"ఎనిమిది" అంది వెనక నుంచి లక్ష్మవ్వ. ఎప్పుడు వచ్చిందో నర్మదకు తెలియదు.

ఆ వారమే రబియా బీ వచ్చింది.

"లక్ష్మవ్వక్కా, మా పెట్ట పొదుగుకు పడ్డది. జర జల్దీ రా."

"నేను రాను. నర్మదను తీస్కపో."

రబియా బీ ముక్కు మీద వేలేసుకుంది. "గా దినం నువ్వే అంటివి గదా, ఆమె చెయ్యి..."

"అన్న. నా నోటితోనే అన్న. గదే నోటితో ఇప్పుడు చెప్తున్న. మంచిగున్నయి సాకుడు ఎవలకైన వస్తది. మెడలు వాల్చినయి మూడింటిని గూడెక్కిచ్చింది. నా చెయ్యి గూడ గంత పని ఎన్నడు చెయ్యలే."

నర్మద మూలనున్న మట్టి మూకుడు తీసి చంకన పెట్టుకుంది.

"గదెందుకే? పిల్లలు లేసెటందుకు ఇంక ఇరవై దినాలున్నయి."

"రబియా ఖాలా ఇంట్ల అన్ని స్టీలు గిన్నెలే అత్తా."

రబియా బీ పకపకా నవ్వింది. లక్ష్మవ్వ నవ్వలేదు. లోపలికి పోయి సంచి వెతికి, అరిగి నల్లబడిన మేకు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"తలుపు మేకులు పీకకు. ఇగ ఇది నీ దగ్గర్నే ఉండని."