మేస్త్రి ఎగరడం నేర్చుకున్నాక

ఫ్లయింగ్ స్కూల్లో ముప్ఫై ఎనిమిదేళ్ళు మెకానిక్‌గా పనిచేసిన మనిషి ఒక్కసారైనా విమానం నడపలేదంటే ఎవరూ నమ్మరు. కానీ అది నిజం. ఆయనకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు. ఆ కళ్ళతో పైలట్ లైసెన్సు రాదని ఇరవై ఏళ్ళ వయసులోనే డాక్టరు తేల్చేశాడు. ఎగిరే యోగం లేకపోతే లేకపోయిందని ఆయన చిన్న విమానాల కింద పడుకునే పనిలో కుదురుకున్నాడు. షెడ్డులో అందరూ మేస్త్రి అనేవాళ్ళు. రిటైరయ్యాక కూడా ఆ పేరు ఆయన్ని వదల్లేదు.

రిటైరైన రెండు నెలలకే ఇంట్లో ఆయన చెయ్యి పడని వస్తువు లేకుండా పోయింది. తలుపుల బందులు విప్పి బిగించాడు. చక్కగా తిరుగుతున్న ఫ్యాను దించి ముక్కలు చేశాడు. "మీ నాన్న ఇలా అన్నీ బాగుచేసుకుంటూ పోతే కొంపలో పనిచేసే వస్తువు ఒక్కటీ మిగలదే," అని భార్య కూతురికి ఫోనులో మొరపెట్టుకుంది.

ఆ వారమే కూతురు వచ్చి వెనక గదిలో ఒక కంప్యూటరు, విమానంలో ఉండేలాంటి చేతిచక్రం, కాళ్ళతో తొక్కే పెడళ్ళు బిగించిపెట్టింది.

"ఇది సిమ్యులేటర్ నాన్నా. అచ్చం విమానం నడిపినట్టే ఉంటుంది. ఇక్కడ నీకు రంగుల పరీక్ష పెట్టేవాడెవడూ లేడు."

మేస్త్రి పెద్ద విమానాల వంక చూడనైనా లేదు. తన షెడ్డులో ఉండే రెండు సీట్ల విమానాన్నే ఎంచుకున్నాడు. ఇంజిన్ చప్పుడు వినగానే తల పక్కకి వంచి, "ఒక సిలిండరు కాస్త నీరసంగా కొడుతోంది," అన్నాడు. కూతురు పడీపడీ నవ్వింది.

మొదట్లో రన్‌వే మీద తప్ప అన్నిచోట్లా దిగాడు. భార్య తలుపు దగ్గర నిలబడి, "ఇవాళ ఎన్ని విరిచారు?" అని అడిగేది.

"మూడే."

"పర్లేదు, దారిలో పడుతున్నారు."

పది రోజులకి, చక్రాలు నేలకి తగిలాయో లేదో తెలియనంత మెత్తగా దింపాడు. పొయ్యి మీద పాలు వదిలేసి రమ్మని భార్యని కేకేశాడు. ఇన్నేళ్ళూ నట్లుగా, గొట్టాలుగా చూసినదాన్ని ఇప్పుడు రెక్కలున్నదానిగా చూస్తున్నాడు. నది వంపుల వెంట వెళ్ళేవాడు, కొండల మధ్య నుంచి దూరేవాడు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ ఆ కుర్చీలో కూర్చునేవాడు. ఇంట్లో వస్తువులన్నీ బతికిపోయాయి.

నాలుగో నెలలో ఒక ఉదయం, ఎప్పుడూ ఎండేనా అనిపించి, వాతావరణం మార్చాడు. మబ్బు, చలి, గాలిలో తేమ. దిగడానికి ఇంజిన్ వేగం తగ్గించి వస్తుంటే చప్పుడు మారింది. ఆయన చెవి వెంటనే పట్టేసింది. అలాంటి గాలిలో ఇంజిన్‌కి ఊపిరందే గొట్టంలో మంచు పేరుకుంటుంది. అప్పుడు ఎదురుగా ఉన్న ఒక గుండ్రటి పిడి లాగాలి. లాగితే వేడిగాలి వెళ్ళి మంచు కరుగుతుంది. మేస్త్రి తెర మీద పిడిని వేలితో లాగాడు. ఇంజిన్ నాలుగుసార్లు దగ్గి తేరుకుంది. విమానం క్షేమంగా దిగింది.

ఆయన మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాడు.

పదకొండేళ్ళ కిందట ఆ స్కూల్లో ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఒకతె నేర్చుకునేది. ఒంటరిగా ఎగిరే దశకి వచ్చింది. ఒక సాయంత్రం విమానం దిగి, షెడ్డులోకి వచ్చి, "మేస్త్రి గారూ, ఆ వేడిగాలి పిడి బాగా బిగుసుకుపోయిందండి. రెండు చేతులూ పెట్టి లాగాల్సొస్తోంది," అంది. "పొద్దున్నే చూస్తాలేమ్మా," అన్నాడాయన. పొద్దున ఇంకో విమానం టైరు మార్చే హడావుడిలో మరిచిపోయాడు. ఆమె విమానం లాగ్‌బుక్‌లో అంతా సరిగ్గా ఉందని సంతకం మాత్రం పెట్టాడు. మబ్బు పట్టి ఉన్న ఆ ఉదయమే, రన్‌వే రెండు మైళ్ళుందనగా ఇంజిన్ ఆగిపోయింది. విమానం చెట్లలో పడి కాలిపోయింది. అమ్మాయి దక్కలేదు.

"విమానం గురించి పైలట్ ఏమైనా ఫిర్యాదు చేసిందా?" అని విచారణకి వచ్చిన అధికారి అడిగాడు.

"లేదండి," అన్నాడు మేస్త్రి.

కాలిపోయిన ముక్కల్ని బట్టి ఆమె పిడి లాగిందో లేదో తేలలేదు. పైలట్ అనుభవలేమి వల్ల వేడిగాలి వాడి ఉండదని రిపోర్టు రాసి మూసేశారు.

ఆ తర్వాత పన్నెండు రోజులు మేస్త్రి అదే మబ్బులో, అదే ఎత్తులో ఎగిరాడు. ఎన్నిసార్లు ఎగిరినా ఆ పిడి ఒక్క వేలితో కదిలింది. ఎన్నిసార్లు ఎగిరినా ఆయన బతికాడు.

అన్నం దగ్గర కూర్చుని కలుపుకోకుండా ఉండిపోతున్న భర్తని చూసి, భార్య గదిలోకి వచ్చి కంప్యూటరు ఆపేసింది. "ఏమైందో చెప్తే గానీ ఇది మళ్ళీ పెట్టేది లేదు," అంది. ఆయన చెప్పాడు.

"పదకొండేళ్ళు కడుపులో పెట్టుకుని నా పక్కనే తిరిగారన్నమాట," అంది ఆమె. "ఆ పిల్ల తండ్రి ఎక్కడుంటాడో తెలుసా?"

"బస్టాండు వెనక గడియారాల కొట్టు ఆయనది."

"మరి నా దగ్గర కూర్చుని ఏడిస్తే ఏం లాభం?"

కొట్టు ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడలేనంత ఇరుకు. తండ్రి కంటికి భూతద్దం బిగించుకుని ఒక చేతిగడియారం మీదకి వంగి ఉన్నాడు. తల ఎత్తకుండానే, "బ్యాటరీయా, పట్టీయా?" అన్నాడు.

"గడియారం పని కాదండి. నేను ఫ్లయింగ్ స్కూల్లో మెకానిక్‌గా చేశాను. ఆ రోజు మీ అమ్మాయి విమానానికి సంతకం పెట్టింది నేనే."

తండ్రి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. మేస్త్రి నిలబడే అంతా చెప్పాడు. ఆమె ఏమందో, తను ఏమన్నాడో, అధికారికి ఏం అబద్ధం చెప్పాడో, ఏదీ దాచలేదు.

"బిగుసుకుపోవడమంటే నాకు చెప్పక్కర్లేదు," అన్నాడు తండ్రి. "రోజూ చూసేదే. చుక్క నూనె వేస్తే పోయేది."

"చుక్క నూనేనండి."

"మా ఆవిడ పోయేముందు అడిగింది, మన పిల్ల అంత పరధ్యానం మనిషా అని. ఏమో, భయంలో మరిచిపోయి ఉంటుందన్నాను. నా నోటితో నేనే అన్నాను." ఆయన గొంతు పెరగలేదు. "క్షమించమని మాత్రం అడక్కండి. అడిగితే నేను ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది."

"అడగనండి. విచారణ ఆఫీసుకి రాసిస్తాను. ముందు మీకు చెప్పి ఇద్దామని వచ్చాను."

"రాయండి. రెండు చేతులతో లాగానని చెప్పింది కదా, ఆ మాట కూడా రాయండి."

రాసి ఇచ్చాడు. రెండుసార్లు పిలిచి అడిగారు. షెడ్డులో ఇరవై ఏళ్ళు కలిసి పనిచేసిన స్నేహితుడు ఫోన్ చేసి, "పోయినవాళ్ళు ఎలాగూ పోయారు. ఉన్నవాళ్ళ పరువెందుకురా బజారుకీడుస్తావ్?" అని పెట్టేశాడు. స్కూల్ గోడ మీద పాత ఉద్యోగుల ఫోటోల్లోంచి మేస్త్రిది తీసేశారు. అయిదు నెలలకి కొత్త రిపోర్టు వచ్చింది. అనుభవలేమి అన్న మాట కొట్టేసి, పిడి బిగుసుకుపోయిందని పైలట్ ముందురోజే చెప్పిందనీ, మెకానిక్ దాన్ని సరిచేయలేదనీ, అడిగినప్పుడు దాచాడనీ రాశారు. తన గురించి రాసిన ఆ వాక్యాన్ని మేస్త్రి రెండుసార్లు చదివాడు. అందులో తీసేయాల్సిన మాట ఆయనకి ఒక్కటీ కనిపించలేదు. నకలు ఒకటి తీసుకెళ్ళి కొట్లో ఇచ్చాడు. తండ్రి చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మళ్ళీ పనిలోకి వంగాడు.

నెల తిరిగాక ఒక ఆదివారం పొద్దున ఆ తండ్రే మేస్త్రి ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ ఆవిడ గడియారం బాగుచేయించుకోడానికి వచ్చారు," అన్నాడాయన. "ఇంట్లో విమానం నడిపే యంత్రం ఉందన్నారు. నేను విమానం ఎక్కలేదెప్పుడూ. పిల్ల ఇంటికి వచ్చి పైనుంచి అలా ఉంటుంది ఇలా ఉంటుంది అని చెప్పబోయేది. తర్వాత చెబుదువులే, పనుందనేవాణ్ణి." కాస్త ఆగి, "మీతో మాట్లాడాలని కాదు. అది చూద్దామని వచ్చాను," అన్నాడు.

మేస్త్రి ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేశాడు. ఎండ ఉన్న వాతావరణం పెట్టి, ఆ స్కూల్ రన్‌వే మీద నుంచే ఎగిరాడు. నేల కిందికి జారిపోతుంటే తండ్రి కుర్చీ అంచు పట్టుకున్నాడు. రోడ్లు సన్నబడ్డాయి, చెరువు ఒకటి తళుక్కుమంది, ఊరు మొత్తం ఒక్క చూపులో పట్టింది.

"బస్టాండు ఎక్కడ?"

"అదిగోండి, ఎడమ రెక్క కింద."

"మా కొట్టు కనపడదే?"

"కనపడదండి. వీధుల వరకే సరిగ్గా పెట్టారు. ఇళ్ళన్నీ ఉజ్జాయింపుగా వేసినవే."

అయినా తండ్రి ఆ వీధి దాటేదాకా చూశాడు. తర్వాత చేతిచక్రం వైపు చూపించి, "నేను పట్టుకోవచ్చా?" అన్నాడు. మేస్త్రి లేచి చోటిచ్చాడు. వెంట్రుకంత సన్నని ముళ్ళతో నలభై ఏళ్ళు పనిచేసిన చేతులవి. తెలియకపోయినా గట్టిగా పట్టుకోలేదు, తొందరపడలేదు. రెక్క ఒకటి రెండుసార్లు ఊగి సర్దుకుంది.

"ఇంత పైన ఒక్కతే ఉండేదా?"

"ఒక్కతేనండి."

"బాగా నడిపేదా?"

"బాగా నడిపేది. అడ్డగాలి ఉన్న రోజు కూడా మెత్తగా దింపేది. షెడ్డులో వాళ్ళం పని ఆపి బయటికొచ్చి చూసేవాళ్ళం."

తండ్రి తల ఊపాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చక్రం మీద నుంచి చెయ్యి తీయలేదు. మేస్త్రి పక్కన నిలబడ్డాడు. విమానం నది వైపు తిరిగింది.