గంగాభవాని పళ్ళు

“అంతలా తోమకే పళ్ళు. ముందుది అలాగే తోమి తోమి సచ్చిపోనాది,” అంది మా అత్త అప్పలకొండ. పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చిన మర్నాడు పొద్దున్న, న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరు పెరటి కుళాయి దగ్గర ఆవిడ నాతో అన్న మొదటి మాట అదే. నా చేతిలో ఉన్న బ్రష్షు లాక్కుని గోడ అవతల కాలవలోకి విసిరేసింది. పొయ్యిలోంచి చిటికెడు బొగ్గుల బూడిద తెచ్చి అరచేతిలో పోసింది.

ముందుది అంటే గంగాభవాని, నా భర్త గణపతిరావు మొదటి భార్య. వర్క్‌షాపులో ఫిట్టరు పని చేసే ఆయనకీ, ఆరేళ్ళ స్వర్ణకుమారికీ వండిపెట్టేవాళ్ళు లేక, ఆమె పోయిన ఏడాదికి నన్ను పలాస నుంచి చేసుకొచ్చారు. ఆమె ఫోటో అయినా నేను చూడలేదు. నాకు తెలిసిందల్లా అత్త చెప్పిందే. గోల్‌బజారులో బ్రష్షు కొనుక్కుందట, రోజుకి రెండుసార్లు తోమేదట. తోమి తోమి చిగుళ్ళు కోసుకుపోయి, ఒంట్లో నెత్తురంతా నోట్లోంచే కారిపోయి, కాగితంలా తెల్లబడి పోయిందట. “సోకులకి పోయి పేణం తీసుకున్నాది,” అనేది అత్త. నా భర్త ఆ మాటని కాదనలేదు, ఔననలేదు. నేనూ నమ్మాను. ఇంట్లో ఆ ఒక్క మాటే వినబడుతుంటే పద్దెనిమిదేళ్ళ పిల్ల నమ్మక ఏం చేస్తుంది?

అసలు తోముకునే తీరికేదీ? తెల్లవారుజామున కుళాయి వచ్చి గంటన్నరకి ఆగిపోయేది. ఆ గంటన్నరలో బకెట్లన్నీ నింపాలి, రాత్రి అంట్లు తోమాలి, బొగ్గుల పొయ్యి రాజేసి సైరన్ కూయకముందే ఆయన టిఫిను డబ్బా సర్దాలి, స్వర్ణకి జడ వెయ్యాలి. నోట్లో వేలు పెట్టి తీసేదాన్నంతే. ఆకలేస్తే ఆకలనేదాన్ని కాదు, అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినేదాన్ని. గంగాభవాని చీరలు కట్టుకున్నాను. ఆమె రవికెలు కుట్లు విప్పి వదులు చేసుకున్నాను. అత్త ఒక్కోసారి మరిచిపోయి “గంగా” అని పిలిస్తే, “వస్తన్నా అత్తా” అని పలికేదాన్ని. పలికిన ప్రతిసారీ వంటింట్లో ఇంకెవరో కూడా పలికినట్టు అనిపించేది.

రెండో ఏడు జామకాయ కొరికితే తెల్లటి గుజ్జు మీద ఎర్రగా పళ్ళ గుర్తులు పడ్డాయి. ఆ కాయ ఎవరికీ కనబడకుండా పెంటలో దాచేశాను. తర్వాత ఉమ్మిలో వచ్చింది. ఆ తర్వాత పొద్దున్న లేచేసరికి తలగడ మీద వచ్చింది. ఒకరోజు నేను కాలవలో ఉమ్ముతుంటే అత్త చూసింది. “వచ్చినాదే. అదే వచ్చినాది,” అంది. మర్నాడు నా మెడలో తాయెత్తు పడింది. పక్క క్వార్టరు ఆడవాళ్ళు నాతో మాట్లాడుతూ నా కళ్ళలోకి కాక నోట్లోకి చూసేవారు. నా భర్త మాత్రం ఒక్కటే అన్నాడు, “నీకూనా?” అని. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పగలంతా గంగాభవాని నాతోనే ఉండేది. బియ్యం ఏరుతున్నా, బట్టలు పిండుతున్నా నాలిక దానంతటదే చిగుళ్ళ మీదికి పోయేది. ఉప్పగా తగిలేది. ఆ ఉప్పదనం నాది కాదనీ, ఆమెదనీ అనుకునేదాన్ని. ఆమె ఇంకా ఎన్నాళ్ళు తీసుకుంటుందో, చివరికి నన్నెంత తెల్లగా చేస్తుందోనని పళ్ళేల వెనక వేలాడే చిన్న అద్దంలో పెదవి లాగి చూసుకునేదాన్ని.

అప్పుడే స్వర్ణ బడినుంచి చీటీ తెచ్చింది. బడిలో పిల్లలకి పళ్ళ పరీక్ష చేశారు, చిగుళ్ళు బాగోలేవు, పెద్దవాళ్ళతో రైల్వే ఆసుపత్రికి రావాలి అని ఉంది. నేను చదివి వినిపిస్తుంటే ఆ పిల్ల చేత్తో నోరు మూసుకుంది. “ఎన్నాళ్ళనుంచే?” అన్నాను. “శానా రోజులైంది సిన్నమ్మా. సెప్తే మామ్మ ఏడుస్తాది,” అంది. బడివాళ్ళు రాశారు కాబట్టి అత్త అడ్డు చెప్పలేకపోయింది. “నోట్లో ఏటీ గీకనివ్వకు,” అని మాత్రం అంది. నా భర్త ఇంటివాళ్ళ పేర్లు రాసుండే రైల్వే మెడికల్ పుస్తకం నా చేతికిచ్చి డ్యూటీకి పోయాడు.

పళ్ళ గది బయట బల్ల మీద కూర్చున్నాం. కాసేపటికి లోపలినుంచి నర్సు, పిల్లతో వచ్చిన పెద్దవాళ్ళ పేరు పుస్తకంలో చూసి, గట్టిగా పిలిచింది.

“గంగాభవాని! గణపతిరావు భార్య గంగాభవాని!”

స్వర్ణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పుస్తకంలో పేరు మార్చలేదని అప్పుడు తెలిసింది నాకు. రెండేళ్ళయినా ఆయనకి తీరికవలేదు. లేచి వెళ్ళాను. ఇంట్లో పలికినట్టే అక్కడా పలికాను.

నర్సు పేరు జ్ఞానరత్నం, తెలుగావిడే. డాక్టరు బెంగాలీ పెద్దాయన; మా ఇద్దరి మాటలూ ఆవిడే అటూ ఇటూ చెప్పింది. ముందు పిల్లని చూసి, “తల్లిది కూడా చూద్దాం,” అన్నాడు. జ్ఞానరత్నం దూదితో మా ఇద్దరి పళ్ళకీ ఏదో పూసి, పుక్కిలించాక నాకు అద్దం ఇచ్చింది. చూసి కెవ్వుమన్నాను. పళ్ళ మొదళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి.

“నెత్తురు కాదమ్మా, రంగు,” అని భుజం మీద చెయ్యి వేసింది. “పాచి ఎక్కడుంటే అక్కడ అంటుకుంటాది. శుభ్రంగా ఉన్నచోట అంటుకోదు.”

ఇంటిల్లిపాది పాచిపనీ నేనే చేస్తాను. నా నోటి పాచి చూసినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు, నాతో సహా.

డాక్టరు మొనలేని సన్నటి పుల్లతో ఒక్కొక్క పంటి మొదట్లో తాకుతూ అంకెలు చెప్పాడు. జ్ఞానరత్నం గంగాభవాని పేరున్న కార్డు తీసి, దాని మీద రెండు వరుసల్లో రాసింది. పై వరుస పాచి, కింది వరుస నెత్తురు. సున్నా అంటే ఏమీ లేదు, మూడంటే బాగా ఎక్కువ. నావి పైన రెళ్ళు, మూళ్ళు. కింద కూడా రెళ్ళే.

“నెత్తురొస్తాందని తోమడం మానేసినారు గదా? అదే తప్పు. మానితే పాచి పెరుగుతాది, పాచి పెరిగితే నెత్తురు ఇంకా వస్తాది. మెత్తటి బ్రష్షుతో సిగుళ్ళ అంచుదాకా మెల్లగా తోమండి. మొదట్లో కొంచెం వచ్చినా భయపడకండి,” అంది జ్ఞానరత్నం. అని ఆ కార్డు తిరగేసి ఆగిపోయింది. “ఇదేటమ్మా! మూడేళ్ళ కిందట వచ్చినప్పుడు మీ పళ్ళు అద్దాల్లా ఉన్నాయే?”

డాక్టరు కార్డు తీసుకుని చూశాడు. నా నోరు మళ్ళీ తెరవమన్నాడు. ఎడమ పక్క పై దవడలో చివర వెతికాడు.

“ఇక్కడ ఒక దంతం మేం తీసేశాం. ఈమెకి ఉంది,” అన్నాడు హిందీలో. “ఇది ఆ మనిషి నోరు కాదు.”

ఆ ఇంట్లో కాలు పెట్టాక, నేను ఆమెని కానని మరొకరి నోట వినడం అదే మొదలు.

“ఆవిడ పోయినారండి. ఈ పిల్ల వాళ్ళమ్మే,” అన్నాను. “తోమి తోమి నెత్తురు పోయి సచ్చిపోయినారట.”

డాక్టరు చేతిలో పుల్ల పళ్ళెంలో పెట్టేశాడు. బయట జనం ఎదురుచూస్తున్నా తర్వాతి పేరు పిలవమనలేదు. కార్డు నాకు చూపించాడు. పై వరుసలో సున్నా, సున్నా, ఒకటి, సున్నా. కింది వరుస పొడుగునా మూళ్ళు. ఎర్ర పెన్సిలుతో గీత కొట్టి ఉంది.

“పాచి లేదు. అయినా నెత్తురు ఆగట్లేదు. అంటే కారణం నోట్లో లేదు, ఒంట్లో ఎక్కడో ఉంది. ఆ రోజే రక్తపరీక్షకి చీటీ రాశాను.”

“నా చేత్తో ఇచ్చినాను,” అంది జ్ఞానరత్నం. “మీ ఆయన్ని తీసుకుని రేపే రమ్మన్నాను. వారం చూసి ఆయన వర్క్‌షాపుకి కబురు కూడా పంపినాను. రానేలేదు.”

“వచ్చుంటే బతికేదా?” అన్నాను.

“చెప్పలేను,” అన్నాడు డాక్టరు. “ఎందుకో తెలిసేది. కొన్నిటికి మందు ఉంది.”

దారిలో రెండు బ్రష్షులు కొన్నాను. అత్త మా ఎర్ర పళ్ళు చూసి కేకలు పెట్టింది, రెండురోజులు నా చేతి అన్నం తినలేదు. నేను తోమడం మానలేదు. పక్కన స్వర్ణని నిలబెట్టుకుని, ఒక బకెట్టు తక్కువ నింపి, కుళాయి ముందే తోమాను. నాలుగురోజులు నెత్తురు వచ్చింది, తర్వాత పలచబడింది. రెండు వారాలకి ఉమ్మి తెల్లగా పడింది. తాయెత్తు వల్లే తగ్గిందంది అత్త.

నా నోట్లో నెత్తురు ఆగితే గంగాభవాని నన్ను వదిలిపోతుందనుకున్నాను. పోలేదు. ఇంకా దగ్గరికి వచ్చింది. అంతకుముందు నా ప్రాణం తీసేందుకు వచ్చిందనుకునేదాన్ని. ఇప్పుడు చేతిలో చీటీ పట్టుకుని, ఈ గదికీ ఆ గదికీ మధ్య, ఎవరికివ్వాలో తెలియక తిరుగుతున్నట్టు ఉండేది. అంత శుభ్రంగా పళ్ళు తోముకున్న మనిషి. ఎవరూ చెప్పకుండానే ఆసుపత్రికి తనంతట వెళ్ళిన మనిషి. బతకాలని తను చెయ్యగలిగిందంతా చేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన వరండాలో పేపరు చూస్తున్నాడు. నేను ఎదురుగా వెళ్ళి నేలమీద కూర్చున్నాను. స్వర్ణ గుమ్మంలో లెక్కలు చేసుకుంటోంది.

“ఆసుపత్రివాళ్ళు గంగాభవానికి రక్తపరీక్ష చీటీ ఇచ్చినారట. మీకు తెలుసునా?”

ఆయన పేపరు దించలేదు. దాని వెనకనుంచే అన్నాడు, “నాకిచ్చినాది. నాలుగురోజులు సొక్కా జేబులో ఎట్టుకు తిరిగినాను. ఓవర్‌టైము నడస్తన్నాది. అమ్మేమో, బ్రష్షు మానీస్తే అదే తగ్గిపోతాది, పరీక్షలని నెత్తురు ఇంకా తీసేత్తారు, ఇంట్లో పని ఎవులు సేస్తారు అన్నాది. సొక్కా ఉతుక్కి పోనాది. సీటీ నానిపోనాది. మరి అది కూడా అడగనేదు.”

“ఉతికిందెవరు?”

ఆయన పేపరు పేజీ తిప్పాడు. సబ్బునీళ్ళలో ఆ చొక్కా జేబులోంచి ముద్దయిన కాగితం తీసి చూసుకున్న గంగాభవాని చేతులు నాకు కనబడ్డాయి. అడగలేదంటాడు. ఇంకెన్నిసార్లు అడగాలి?

స్వర్ణ పలక పక్కన పెట్టి వచ్చింది. “సిన్నమ్మా, మా అమ్మ బ్రష్షు వల్ల సచ్చిపోలేదా?”

“లేదమ్మా. మీ అమ్మ పళ్ళు శుభ్రంగా ఉండేవి. ఆ కార్డులో నేను చూశాను.”

“మరెందుకు?”

లోపలినుంచి అత్త అరిచింది, “గుంటకి ఏటే ఆ మాటలు? పొద్దెక్కినాది. లెగు, కూడు ఒడ్డించు!”

“ఒంట్లో బాగోలేదు. ఆసుపత్రికి ఎవరూ తీసుకెళ్ళలేదు,” అన్నాను స్వర్ణతో, ఇంటిల్లిపాదికీ వినబడేట్టు.

ఆ పిల్ల నన్ను వదిలి తండ్రి దగ్గరికి వెళ్ళింది. పేపరు అంచు పట్టుకుని కిందికి లాగింది. “ఎందుకు తీసుకెళ్ళలేదు నాన్నా?” అంది.

అత్త మళ్ళీ పిలిచింది, ఈసారి నా పేరు పెట్టి. నేను కదల్లేదు. ఆయన జవాబు చెప్పేదాకా ఆ పూట ఎవరికీ అన్నం లేదు.