నిలబడే మీటింగు

మీటింగు మొదలై ముప్పావుగంటయింది. పెద్దక్క ఒంటి బరువును ఎడమకాలి మీంచి కుడికాలి మీదికి మార్చుకుంది. పట్టీ కింద మోకాలు వాచి సలుపుతోంది. ఇతరులు రాసిన ప్రోగ్రాములు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడం ఆవిడ పని. జుట్టు నెరిసేదాకా అదే పని.

నిలబడితే కాళ్లు పీకుతాయి, కాళ్లు పీకితే మాటలు త్వరగా తెములుతాయి. మీటింగు నిలబడి పెట్టుకోవడంలో కిటుకు అంతే. ఆ కిటుకు ఎప్పుడో చచ్చింది, నిలబడటం మాత్రం మిగిలింది. కిందటివారం ఆవిడ ఇంటి నుంచి మడత స్టూలు తెచ్చుకుంటే, "ఇది నిలబడే మీటింగు కదా అక్కా" అని మేనేజరు నవ్వాడు. అందరూ నవ్వారు. స్టూలు గోడవారకి చేరింది.

ఆ గోడ మీదే పెద్ద అక్షరాలు: పద్ధతుల కన్నా మనుషులు ముఖ్యం. ప్లాను కన్నా మార్పు ముఖ్యం. గోడకేం, ఏం రాసినా మోస్తుంది.

నిన్న ఆస్పత్రి నుంచి నర్సు ఫోను చేసింది. వీళ్ల కంపెనీ చేసిచ్చిన ప్రోగ్రాములో ఒక రోగి పేరు నొక్కితే, అంతకుముందు రోగి మందే తెర మీద ఉండిపోతోందట. పెద్దక్క పరీక్షించింది. నిజమే. ఇప్పుడు ఒక్క వార్డులో ఉన్న ఆ ప్రోగ్రాము ఈ సాయంత్రం ఆస్పత్రి అంతటా మొదలవుతుంది.

తన వంతు రాగానే, దాన్ని ఆపమంది. లోపాన్ని కంప్యూటర్లో నమోదు చేశారుగా, వచ్చే విడత మార్పుల్లో చూద్దామన్నాడు మేనేజరు. ఒప్పుకున్న తేదీ దాటకూడదన్నాడు. నర్సులు నేరుగా ఫోను చేయడం పద్ధతి కాదని కూడా అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ ఇలాంటివాటికి ఎన్నిసార్లు తలూపిందో!

"మందు మారి పడితే, ఆ మనిషికి వచ్చే విడత ఉంటుందా బాబూ?"

ప్రోగ్రాము రాసినవాళ్లు తలలు దించుకున్నారు.

"తర్వాత మాట్లాడదాం అక్కా. ముందు పరీక్ష అయిందని ఓకే నొక్కండి."

"నొక్కను. ఆస్పత్రికి వెళ్తున్నా. తెరను నమ్మొద్దని నా నోటితోనే చెప్తా."

"అలా వెళ్తే మళ్లీ రానక్కర్లేదు."

"రాను."

మెడలోని కార్డు తీసి అతని చేతిలో పెట్టింది. గోడవారనున్న స్టూలు తెచ్చి, అందరి నడుమా విప్పి కూర్చుంది. తాపీగా మోకాలి పట్టీ సరిచేసుకుని, లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆస్పత్రివాళ్లు ప్రోగ్రాము వద్దని కబురంపారు. ఎందుకు వద్దన్నారో తేల్చడానికి మర్నాడు మీటింగు పెట్టారు. గంటన్నర సాగింది. అందరూ నిలబడే ఉన్నారు. మధ్యలో స్టూలు, ఆవిడ విప్పింది విప్పినట్టే, ఖాళీగా ఉంది.