తవిటమ్మ అడిగిన మాట

ఎదుటి పక్షం మనిషి దారి అడిగితే వకీలు చెప్పవచ్చా? చెప్పకపోతే అది పాపమా? ఇరవై ఆరేళ్ళుగా యువరాజు గారిని ఈ సందేహం వదల్లేదు. ప్రార్థనలో మోకరించినప్పుడు ఒకలా, చట్టం పుస్తకం తెరిచినప్పుడు మరోలా తోచేది.

అప్పట్లో ఆయన కొత్త వకీలు. పలాసలో పొద్దుటి పాసింజరు ఎక్కి, జీడిపప్పు బట్టీల వాసన ఊరు దాటేదాకా వెంట వస్తుండగా, ఒళ్ళో ఫైళ్ళ కట్టతో కోర్టుకు వెళ్ళేవారు. సీనియరు వైకుంఠరావు గారి నుదుట నిలువు నామం ఉండేది. అయినా ఆదివారం మాత్రం జూనియరుకు పని చెప్పేవారు కాదు. "మీ దేవుడి పిలుపు ముందురా పాస్టరూ, ఎళ్ళు" అని నవ్వేవారు. ఆయన క్యారేజీలోని వంకాయ కూర సగం జూనియరు ఆకులోకే వచ్చేది. ఆ నవ్వు, ఆ కూర యువరాజు గారు ఇప్పటికీ మరచిపోలేదు.

ఆ రోజుల్లోనే ఉద్దానంలో ఎకరం జీడితోట మీద తవిటమ్మ అనే విధవరాలు మరిదిపై దావా వేసింది. మరిది తరఫు వకీలు వైకుంఠరావు గారు. తవిటమ్మదీ యువరాజు గారిదీ ఒకే క్రైస్తవ సంఘం, ఊళ్ళే వేరు. సాక్ష్యం రోజున ఆమె వకీలు రాలేదు. వరండాలో అటూ ఇటూ చూసి, తెలిసిన ముఖం కదా అని ఈయన దగ్గరికి వచ్చింది.

"బాబూ, బోనెక్కితే ఒట్టెయ్యమంతారట. ఒట్టు పెట్టుకోవద్దని ప్రభువు సెప్పాడు గదా. ఒట్టెయ్యకండా సాచ్చీకం సెప్పే దారేటైనా ఉందా?"

ఉంది. ఒట్టు వేయలేనివాళ్ళు నిజమే చెబుతానని మాట ఇస్తే చాలు, చట్టం ఒప్పుకుంటుంది. ఆయనకు తెలుసు.

"నేను అవతలి పక్షం వాణ్ణమ్మా. మీ వకీలు గారిని అడగండి."

తవిటమ్మ బస్సెక్కి ఊరెళ్ళిపోయింది. కోర్టులో ఆమె పేరు పిలిస్తే ఎవరూ పలకలేదు. దావా పోయింది. "రూలు తప్పలేదురా, బాగుపడతావు" అని వైకుంఠరావు గారు భుజం తట్టారు. యువరాజు గారు ఒక జవాబు బాకీ పడ్డారు.

తర్వాత తవిటమ్మ ఊరి పేరు వినబడితే చాలు, ఏదో ఒక పని అడ్డం పెట్టుకునేవారు. ఈ డిసెంబరులో అడ్డం పెట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆ ఊరి చర్చిలో కోతల పండుగకు సంఘపెద్దగా రమ్మన్నారు. ఎవరి పంట వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు.

తవిటమ్మ ముగ్గుబుట్ట తలతో, వంగిన నడుముతో, ఎనిమిది కొబ్బరికాయలు తెచ్చింది. వెనకే కోడలు భానుప్రియ.

"తోటుంటే జీడిగింజలు బస్తాడు తెద్దుము" అంది కోడలు, పక్కవాళ్ళకు వినబడేలా. "మాయత్త ఒట్టెయ్యనని కోర్టులోంచి పారొచ్చీసింది. బక్తి ఎక్కువైతే ఇంతే, ఎనిమిది కాయలే మిగుల్తాయి!"

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు.

"నీ నోరు వేలానికెడితే మంచి దర పలుకుతాదే" అంది తవిటమ్మ. కానీ తల వంచుకునే అంది.

ఆ వంగిన తల చూసి యువరాజు గారు కుర్చీలోంచి లేచారు. పోయింది తోట ఒక్కటే అనుకున్నారు ఇన్నాళ్ళూ. ఆనాడు తాను చేసింది రూలు ప్రకారం ఇప్పటికీ తప్పు కాదేమో. పైవాడు ఏమంటాడో తెలియదు. ఈమె మాత్రం రోజూ మాట పడుతోంది.

"తవిటమ్మ గారూ, కోర్టు వరండాలో నన్నొక మాట అడిగారు. జవాబు ఇవ్వకుండా పంపేశాను. ఒట్టు వేయకుండా సాక్ష్యం చెప్పవచ్చమ్మా. చట్టంలో ఆ రోజూ ఉంది. నాకు తెలిసీ చెప్పలేదు. మీ తోట పోయింది మీ భక్తి వల్ల కాదు, నేను నోరు విప్పకపోవడం వల్ల."

భానుప్రియ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తవిటమ్మ తల ఎత్తింది. "అయితే నానడిగింది పిచ్చి మాట కాదన్నమాట" అని, కోడలి వైపు తిరిగింది. "ఇన్నావేటే?"

"ఇన్నానత్తా" అంది భానుప్రియ. అత్త చేతిలోంచి బుట్ట అందుకుని, తీసుకెళ్ళి అందరి పంటకూ ముందు పెట్టింది.