లేవనిస్తేగా!

పొద్దున్నే అత్తగారికి గట్టిగా చెప్పాను, నేనూ మా ఆయనా మీటింగుల్లో ఉన్నంతసేపూ హాల్లోంచి ఒక్క మాట కూడా వినపడకూడదని.

సరిగ్గా నేను మాట్లాడాల్సిన సమయానికి నెట్ పోయింది. హాల్లోకి పరిగెత్తి, రౌటర్ స్విచ్ ఆపి, మళ్లీ వేసి, గదిలోకొచ్చి కూర్చున్నాను. లాప్‌టాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. మళ్లీ పరిగెత్తాను. అత్తగారు చెయ్యెత్తి ఏదో చెప్పబోయారు. "ష్!" అన్నాను. ఆపాను, వేశాను, వచ్చాను. చక్రం ఆగలేదు. కాలుగాలిన పిల్లిలా అలా ఎన్నిసార్లు తిరిగానో! ఇక ఆ దిక్కుమాలిన పెట్టెని గోడకేసి కొడదామనే వెళ్లాను.

అప్పుడే రెండో గదిలోంచి మా ఆయన ఊడిపడ్డారు. ఇద్దరి చేతులూ ఒకే స్విచ్ మీద పడ్డాయి.

"నెట్ రావట్లేదని ఇందాకట్నుంచీ ఆపి, మళ్లీ వేస్తున్నా," అన్నారు.

"నేనూ అదే చేస్తున్నా!"

అత్తగారు ఇక ఆగలేకపోయారు. "అది లేవబోతుంటే ఒకరి తర్వాత ఒకరొచ్చి పడుకోబెడుతున్నారు. ఎలా లేస్తుంది?"

"మరి ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా!" అని అరిచాను.

రౌటర్ మీద పచ్చదీపం వెలిగింది. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"ష్! మీటింగు."