బొంత లోపలి పంచాయితీ

“చాయ్‌ల చక్కెర తక్కువెయ్యి. మేడమోళ్లు తియ్యగ తాగరు,” అన్నాడు హరిలాల్.

పూలి అప్పటికి ఇల్లు అలికి, అత్తకు నీళ్లు పోసి, అంగన్‌వాడీ పిల్లలకు వండిపెట్టి తిరిగివచ్చింది. మేడంలు ఎట్లా తాగుతారో నీకెట్లా తెలుసని ఆమె అడగలేదు. ఇరవైరెండేళ్ల కాపురం ఆమెకు నేర్పిన పొదుపు అదొక్కటే.

అది రెండువేల ఏడు. తాండాల్లోని పాత అద్దాల కుట్టుపనిని సేకరించి భద్రపరిచే జ్యోత్స్న, హైదరాబాదు నుంచి దమ్మపేట వైపు వచ్చింది. బడిపంతులైన హరిలాల్‌కు తన తల్లి పేరు ఆమె పుస్తకంలోకి ఎక్కాలని కోరిక. పెట్టెలోంచి తల్లి కుట్టిన రెండు పాత పేటియాలు, అంటే అద్దాల లంగాలు, తీసి మంచంమీద పరిచాడు. అసలైన పనితనం పెట్టెలో లేదనీ, అత్త పడుకొనే బొంత పొరల మధ్య ఉందనీ పూలికొక్కతికే తెలుసు.

దాన్ని కుట్టినవాడు ఆమె మరిది దస్రు. తాండాలో సూది ఆడవాళ్లది. అయితే పదకొండుమందికి రొట్టెలు చేసే కోడలికి తన పేటియా తాను కుట్టుకొనే తీరిక ఉండదు కనుక, ఆమె సగంలో వదిలిన పనిని దస్రు పూర్తిచేసేవాడు. సాయంగా మొదలైనది అతనికి బతుకైంది. ఆమె పేటియా కట్టి, గాజులేసుకొని, “ఎట్లున్న వదినా? మా అన్న చూస్తే నిన్నిడిచి నన్నే చాయ్ అడుగుతడు,” అని నవ్వించేవాడు. మిర్చి లారీ నడిపే ఒక డ్రైవరు మీది ప్రేమను దాచుకోనూ లేదు.

పెళ్లి చేసుకో, లేదా తాండా విడిచిపో అన్నారు పెద్దమనుషులు. దస్రు మాటతో బదులివ్వలేదు. తీజ్ పండుగనాడు, వాళ్లు పంచాయితీకి కూర్చొనే చోటి గోడకు ఒక గుడ్డ వేలాడదీశాడు. అందులో ఏడుగురు పెద్దలు. ఏడుగురికీ పూసల మీసాలు, ఏడుగురి నడుములకూ అద్దాల పేటియాలు. ముందు ఆడవాళ్ల నవ్వు వినబడింది, తర్వాత దెబ్బలు, తర్వాత దస్రు కేక. పూలి పొయ్యి దగ్గరే ఉండిపోయింది. నూనె కాగుతోందని తనకు తాను చెప్పుకొన్నది. హరిలాల్ బయటే ఉన్నాడు, ఎవరి చేయీ పట్టుకోలేదు.

ఆ తర్వాత దస్రు ఖమ్మం మార్కెట్ యార్డులో తొమ్మిదేళ్లు మిర్చి బస్తాల మూతులు కుట్టాడు. జబ్బుపడి తిరిగివస్తే చోటు దొరికింది పశువుల కొట్టంలో. ప్రాణం పోయేదాకా, నలభై రోజులు, పూలి అతని ఒళ్లు తుడిచింది.

“వాని గుడ్డపేలిక గూడ ఇంట్ల ఉండొద్దు. దినాలలోపల కాల్చెయ్,” అన్నాడు హరిలాల్.

అంగీలు కాల్చింది. అతని మూటలో దొరికిన ఆ తీజ్‌నాటి గుడ్డను మాత్రం విప్పి చూసే వ్యవధిలేక, మడత మీదనే రెండు పాత చీరల మధ్య పెట్టి, ఒక్క మధ్యాహ్నంలో బొంత కుట్టేసింది. అంతవరకూ ఆమె గెలిచింది. కానీ ఏటా పండుగ ముందు బొంతలు వాగులో రాతిమీద బాది ఉతకాలి. బాదకపోతే అత్త ఎందుకని అడుగుతుంది. దస్రు పోయిన ఈ ఆరేళ్లూ ఆమే బాదింది. బాదినప్పుడల్లా లోపల ఏదో చిట్లేది.

“ఇంకేమైనా ఉన్నాయా అండీ?” అని అడిగింది జ్యోత్స్న.

“గంతే మేడం,” అన్నాడు హరిలాల్.

పూలి బొంతను లాక్కొచ్చి, బ్లేడుతో అంచు కుట్లు తెంపసాగింది.

“ఏమే, పిచ్చి లేసిందా?”

గుడ్డ బయటపడింది. సగానికి సగం అద్దాలు పొడిపొడిగా రాలాయి. కాలి బూడిదైందనుకొన్న గుడ్డను హరిలాల్ గుర్తుపట్టాడు. అయినా వెంటనే తేరుకొన్నాడు. “మా అమ్మ కుట్టిందే మేడం, తమాషాకు. అమ్మ పేరే రాసుకోండి.” తర్వాత భార్య చెవి దగ్గర అన్నాడు: “వాని పేరొస్తే బడిల నా మొహం ఏడ పెట్టుకోవాలె? నోరు తెరిచినవో, ఈ ఇల్లు నీది గాదు.”

“మరి గుడ్డలో వీళ్ల ఎదురుగా తలపాగా చుట్టుకొని మంచమ్మీద కూర్చున్నావిడ ఎవరు?” అన్నది జ్యోత్స్న.

పూలి వంగి చూసింది. గుడ్డను పూర్తిగా పరిచి చూడటం ఆమెకు అదే మొదలు. ఏడుగురు పెద్దలూ చేతులు కట్టుకొని నిలబడ్డారు. మంచంమీది మనిషి ఎడమచేతికి నాలుగే వేళ్లు. పెళ్లైన రెండో ఏడు, గడ్డి కత్తిరించే మిషన్లో పూలి చిటికెనవేలు పోయింది. ఆ పూట కూడా “రొట్టెలెవరు చేస్తరు?” అనే అడిగారు ఇంట్లో. పసుపు గుడ్డ కట్టింది దస్రు.

ఆ నాలుగు వేళ్లమీద పూలి తన ఎడమచేతిని ఆనించింది. తర్వాత జ్యోత్స్న పుస్తకం అందుకొని, అంగన్‌వాడీ రిజిస్టరు రాసే గుండ్రటి అక్షరాలతో తానే రాసింది: కుట్టినది దస్రు. మంచంమీద కూర్చున్నది అతని వదిన పూలి.

“అద్దాలు పగిలినయి మేడం,” అన్నది, హరిలాల్ వైపు చూడకుండానే. “పగలగొట్టింది నేనే. మళ్ల కుట్టేదాక దీని వెంబడి హైదరాబాదుకు నేనుగూడ వస్త.”